‘వింటేజ్’ గిటార్ ప్రకటనల్లో ఈ వివరాలు అడగండి

సంపాదకులకు,

1954 నాటి ఫెండర్ కంపెనీ ధరల పట్టిక ఫొటో ఒకటి గిటార్ వాయించే పిల్లల ఫోన్లలో చాలాకాలంగా తిరుగుతోంది. స్ట్రాటోకాస్టర్ గిటార్ ట్రెమొలో (స్వరాన్ని వణికించే మీట)తో అయితే 249 డాలర్ల 50 సెంట్లు, అది లేకుండా అయితే 229 డాలర్ల 50 సెంట్లు. ఆ ఏటి అసలు గిటార్ ఇవాళ పదుల వేల డాలర్లు పలుకుతుందన్న మాట దాని కిందే ఉంటుంది. చూసినవాళ్లకు రెండు అభిప్రాయాలు కలుగుతున్నాయి. ఆ రోజుల్లో గిటార్లు కారుచవక అన్నది ఒకటి. పాతబడ్డ ఎలక్ట్రిక్ గిటార్ ఏదైనా లంకెబిందే అన్నది రెండోది. రెండూ తప్పే, కానీ రెండోది మన దగ్గర జేబులకు చిల్లు పెడుతోంది. హనుమకొండ, కాజీపేట, కరీంనగర్, నిజామాబాద్‌లలో చర్చి బృందాలకో పెళ్లి ఆర్కెస్ట్రాలకో సెకండ్ హ్యాండ్ గిటార్ వెతుక్కునే కుర్రాళ్లకు ‘వింటేజ్’ (పాతకాలపు అపురూపమైనది) అన్న ఒక్క మాట మీద మామూలు సరుకును రెండు మూడింతల ధరకు అంటగడుతున్నారు. అలాంటి చిన్న ప్రకటనలు పత్రికల్లోనూ వస్తున్నాయి కాబట్టే ఈ ఉత్తరం.

ముందు ఆ 249 డాలర్ల సంగతి. అది పట్టికలో అచ్చయిన ధర. దుకాణంలో చేతులు మారిన పైకం అంతే అయి ఉండాలని లేదు. పెట్టె వేరు, దానికి 39 డాలర్ల 50 సెంట్లు. పెట్టె లేకుండా అంత ఖరీదైన వాయిద్యాన్ని ఇంటికి మోసుకెళ్లేవాళ్లు తక్కువ కాబట్టి లెక్క 289 డాలర్ల దగ్గర మొదలుపెట్టాలి. తర్వాతి ఏళ్ల పట్టికల్లో మామూలు సన్‌బర్స్ట్ (నడుమ పసుపు, అంచులు ముదురు) కాకుండా వేరే రంగు కోరితే 5 శాతం అదనం, ఎడమచేతి వాటానికి 10 శాతం అదనం అని కనిపిస్తుంది. (ఆ 5 శాతం రంగే ఇవాళ అదే ఏటి సన్‌బర్స్ట్ గిటార్ కంటే ఎన్నో వేల డాలర్లు ఎక్కువ పలుకుతోంది.) మరోపక్క దుకాణదారు బేరంలో తగ్గించేవాడు, పాత గిటార్ తెచ్చిస్తే దాని విలువ మినహాయించేవాడు.

ఇంకో చిక్కు ఉంది. ఫెండర్, గిబ్సన్ కంపెనీల బొమ్మల కేటలాగు వేరు, ధరల పట్టిక వేరు. కేటలాగు మంచి కాగితం మీద వచ్చేది, ఎక్కువకాలం నడిచేది. ధరలది పల్చటి మడత కాగితం, రేటు మారినప్పుడల్లా కొత్తది వచ్చేది. దుకాణంలో ఏది చేతికందితే దాన్ని కేటలాగులో దోపి ఇచ్చేవారు. కేటలాగు ఒక ఏటిది, లోపలి ధరలు మరో ఏటివి అయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. పట్టిక మీద ‘ఫలానా తేదీ నుంచి అమలు’ అన్న ముక్క ఉందో లేదో చూడకుండా ధర చెప్పకూడదు. బొమ్మలనూ గుడ్డిగా నమ్మకూడదు. మోడల్‌లో మార్పులు వచ్చాక కూడా పాత ఫొటోలనే మళ్లీ మళ్లీ అచ్చేసేవారు.

ఇక చవక అన్న మాట. 1954లో అమెరికాలో చట్టం ప్రకారం కనీస వేతనం గంటకు 75 సెంట్లు. ఆ కూలితో పెట్టె లేకుండా స్ట్రాటోకాస్టర్ కొనాలంటే 333 గంటలు పనిచేయాలి. వారానికి 40 గంటల చొప్పున ఎనిమిది వారాలు దాటుతుంది, తిండికీ అద్దెకూ పైసా ఖర్చు పెట్టకుండా. ధరల పెరుగుదల లెక్కగడితే ఆ 249 డాలర్లు ఇవాళ్టి 2,900 డాలర్లకు దగ్గర. మరి ఇప్పుడు అమెరికాలోనే తయారైన మంచి స్ట్రాటోకాస్టర్ కొత్తది సుమారు 1,700 డాలర్లు. అక్కడి ఇప్పటి కనీస వేతనం 7 డాలర్ల 25 సెంట్లతో చూస్తే 235 గంటలు. అదే కంపెనీ స్క్వయర్ పేరుతో అమ్మే మొదటి మెట్టు గిటారైతే 250 డాలర్ల చుట్టుపక్కల, అంటే ముప్పై అయిదు గంటల పని. చెక్కను కంప్యూటర్ చెప్పినట్టు కోసే యంత్రాలు వచ్చాయి, తయారీ మెక్సికోకు, కొరియాకు, ఇండోనేషియాకు, చైనాకు పోయింది. కొత్త గిటార్ డెబ్భై ఏళ్లలో చవకైంది. ప్రియమైంది పాతది, అదీ కొన్ని రకాలే.

రూపాయల్లో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 1954లో డాలరు 4 రూపాయల 76 పైసలు. 249 డాలర్ల 50 సెంట్లు అంటే దాదాపు 1,188 రూపాయలు. అప్పట్లో పది గ్రాముల బంగారం వంద రూపాయల లోపే దొరికేది. అంటే ఆ గిటార్ ఖరీదు పన్నెండు తులాల బంగారానికి తక్కువ కాదు, ఓడ కిరాయి, సుంకం కలపకుండానే. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించి డాలరును 7 రూపాయల 50 పైసలు చేశారు. అదే 249 డాలర్ల 50 సెంట్ల గిటార్ ధర రాత్రికి రాత్రి 1,871 రూపాయలైంది. అమెరికాలో ఒక్క సెంటు పెరగకుండానే మనకు 57 శాతం పెరిగింది. అందుకే విదేశీ గిటార్ ధర ఎలా మారిందో చెప్పేటప్పుడు మూడు వరుసలు పక్కపక్కన రాసుకోవాలి: ఆ ఏటి పట్టిక ధర, ఆ ఏటి డాలరు రేటు, ఆ ఏటి సుంకం. ఒక్క వరుస చూపించి వాదించేవాళ్ల లెక్క నిలవదు.

కేటలాగు చదవడం నేర్చుకునేవాళ్లు మొదట గమనించాల్సింది మోడల్ నంబరు. గిబ్సన్ చాలాకాలం ధరనే పేరులో పెట్టింది. 1936లో వచ్చిన ఈఎస్-150 అంటే గిటార్, ఆంప్లిఫయర్, కేబుల్ కలిపి సుమారు 150 డాలర్ల సెట్టు. 1949 నాటి ఈఎస్-175 ధర 175 డాలర్లు. ఎలక్ట్రిక్ కాకపోయినా 1942లో వచ్చిన జె-45 కూడా అంతే, 45 డాలర్లు. ధరలు పెరిగాయి, పేర్లు మిగిలాయి. 

ఈ పద్ధతి మనకు నిజంగా పనికొచ్చేది జపాన్ గిటార్ల దగ్గర. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల ఇళ్లలో 1954 ఫెండర్ దొరుకుతుందని ఎవరూ ఆశపడొద్దు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల సామానుతోనో, చేతులు మారి మారి బొంబాయి నుంచో వచ్చిన డెబ్భైలు ఎనభైల నాటి జపాన్ గిటార్ దొరకొచ్చు. గ్రెకో, టోకాయ్ వంటి కంపెనీలు తమ దేశపు కేటలాగుల్లో ధరను వేల యెన్‌లలో మోడల్ నంబరుగా పెట్టాయి. గ్రెకో ఈజీ-700 అంటే 70,000 యెన్‌లు. టోకాయ్ ఎల్ఎస్-50 అంటే 50,000. 1982లో మొదలైన ఫెండర్ జపాన్ కూడా అదే దారిలో నడిచింది, ఎస్‌టీ62-115 అంటే 115,000 యెన్‌లు. గ్రెకోకు చివరి సున్నా ఒకటి ఎక్కువ ఉంటుంది, అక్కడే చాలామంది తప్పు చదువుతారు. ఈ నంబరు ఒక్క ధరనే చెప్పదు. ఒకే ఆకారంలో ఒకే ఏడాది వచ్చిన గిటార్లలో ఏది పలకలు అతికించిన చెక్క, ఏది నిండు చెక్క, దేనికి మంచి పికప్‌లు (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే చుట్టలు) వేశారు అన్నది ఆ అంకెను బట్టే కేటలాగులో వెతకొచ్చు. 50 అంకె గిటార్‌ను 100 అంకె గిటార్ ధరకు అమ్మడం మామూలుగా జరిగే మోసం. సాధారణంగా అంకె గిటార్ తలకాయ (తీగలు బిగించే చివర) మీద ఉండదు. కాబట్టి నెక్ (తీగలు నొక్కే పొడవాటి పిడి) విప్పి దాని మడమ (శరీరానికి బిగించే చివర) మీదో, నెక్ కూర్చునే గాడిలోనో ముద్ర ఉందేమో చూడాలి, లేదా విడిభాగాలను కేటలాగు వివరాలతో ఒక్కొక్కటిగా పోల్చాలి.

ఐబనేజ్ గిటార్లకైతే సులువు. డెబ్భైల నడిమి నుంచి ఎనభైల నడిమి దాకా జపాన్‌లో చేసినవాటికి సీరియల్ నంబరులో మొదటి అక్షరం నెల, తర్వాతి రెండు అంకెలు సంవత్సరం. జనవరికి ఎ, అక్కడి నుంచి వరుసగా డిసెంబరుకు ఎల్. హెచ్ 80 అని మొదలైతే 1980 ఆగస్టు.

జపాన్ గిటార్ల ప్రకటనల్లో తరచూ కనిపించే ఇంకో మాట ‘లాసూట్’. కోర్టుకెక్కిన గిటార్ అని గొప్పగా చెప్పి ధర పెంచుతారు. జరిగిన దావా 1977లో, గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్‌కూ, అమెరికాలో ఐబనేజ్ గిటార్లు అమ్మే ఎల్జర్ కంపెనీకీ మధ్య. తగవు తలకాయ ఆకారం గురించి. మిగతా కంపెనీల గిటార్లకు ఆ దావాతో సంబంధం లేదు. ఆ ముద్ర ఉన్నంత మాత్రాన గిటార్ నాణ్యత ఒక్క పిసరు కూడా పెరగదు. దానికోసం ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వకండి. 1985 తర్వాత యెన్ విలువ బాగా పెరగడంతో జపాన్ సరుకు బయటి దేశాలకు ఖరీదైంది, చవక గిటార్ల తయారీ కొరియాకు తరలింది. అదే బ్రాండు, అదే ఆకారం, కానీ తయారైన దేశం వేరు, ధర వేరు. అందుకే బ్రాండు పేరు చెప్పి ఊరుకునే ప్రకటన సగం ప్రకటనే.

అసలు ధరలు ఆకాశానికి ఎగిరినవి ఏవి, ఎందుకు? గిబ్సన్ లెస్ పాల్ స్టాండర్డ్ సన్‌బర్స్ట్ రంగులో 1958లో వచ్చింది, పట్టిక ధర 247 డాలర్ల 50 సెంట్లు. మంచి స్థితిలో ఉన్నవి ఇవాళ రెండు మూడు లక్షల డాలర్లు దాటుతున్నాయి. కానీ ఆ రోజుల్లో అది సరిగా అమ్ముడుపోలేదు. 1960తో ఆ రూపాన్ని ఆపేసి 1961లో పల్చటి శరీరం, రెండు కొమ్ములతో కొత్త రూపం తెచ్చారు. మూడేళ్లలో తయారైనవి పదిహేను వందల చుట్టుపక్కలే. అదే ధరకు అదే 1958లో వచ్చిన ఫ్లయింగ్ వి పరిస్థితి మరీ దారుణం. మొదటి ఏడాది 81, రెండో ఏడాది 17 గిటార్లు మాత్రమే బయటికి వెళ్లాయి. అరవైల నడిమిలో ఎరిక్ క్లాప్టన్, మైక్ బ్లూమ్‌ఫీల్డ్ వంటి గిటారిస్టులు లెస్ పాల్‌ను గట్టి శబ్దంతో బ్లూస్‌కు వాడాక గిరాకీ పుట్టింది, గిబ్సన్ 1968లో ఆ రూపాన్ని మళ్లీ తెచ్చింది. గిరాకీ పుట్టేనాటికి పాతవి అంతకంటే పెరిగే దారి లేదు. ఆ ధరకు మూలం ఇక్కడుంది. వయసొక్కటే ధర పెంచదు. అదే కాలంలో లక్షల్లో తయారైన చవక గిటార్లు నేటికీ చవకే.

చవక అంటే చులకన అని కాదు. 1962లో సియర్స్ కేటలాగులో సిల్వర్‌టోన్ 1448 అన్న గిటార్ 67 డాలర్ల 95 సెంట్లకు అమ్మారు. చేసింది డేన్‌ఎలెక్ట్రో కంపెనీ. పైనా కిందా మేసొనైట్ అట్ట, లోపల చెక్క చట్రం, లిప్‌స్టిక్ గొట్టం లాంటి పికప్. గిటార్ పెట్టెలోనే ఆంప్లిఫయర్ అమర్చి ఉండేది. పోస్టులో డబ్బు పంపితే ఇంటికి వచ్చే సెట్టు. పిల్లలు నేర్చుకోవడానికి ఇంత తెలివైన సరుకు తర్వాత కూడా తక్కువే వచ్చింది. 

ప్రసిద్ధ గిటారిస్టుల వాయిద్యాల వేలం ధరలను చూసి బేరం చేయడం ఇంకో పొరపాటు. క్లాప్టన్ వాడిన ‘బ్లాకీ’ అన్న స్ట్రాటోకాస్టర్ 2004లో 9 లక్షల 59 వేల 500 డాలర్లకు పోయింది. డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాటోకాస్టర్ 2019లో 39 లక్షల 75 వేలకు, కర్ట్ కొబేన్ మార్టిన్ డి-18ఈ 2020లో 60 లక్షల డాలర్లకు పైగా పలికాయి. ఇవి మనిషికి కట్టిన ధరలు. బ్లాకీ మూడు పాత గిటార్ల భాగాలు కలిపి బిగించినది. వేరే ఎవరి చేతిలోనైనా ఉంటే సేకర్తలు అతుకుల గిటార్ అని పక్కనపెట్టేవారు. ఇక ధర ఎప్పుడూ పైకే పోతుందనేవాళ్లు 2008 ఆర్థిక మాంద్యం తర్వాత వింటేజ్ ధరలు ఎలా పడ్డాయో గుర్తుచేసుకోవాలి.

ఇప్పుడు పరిశీలన సంగతి. ఫెండర్ రకం గిటార్‌లో నెక్ సాధారణంగా నాలుగు స్క్రూలతో బిగించి ఉంటుంది. ముందు తీగలన్నీ కొంచెం కొంచెంగా, ఒకదాని తర్వాత ఒకటి వదులు చేయాలి. ఒక్కసారిగా కోసేస్తే నెక్ మీద లాగుడు పోయి ఉలిక్కిపడినట్టు వెనక్కి వంగుతుంది. ట్రెమొలో ఉంటే తీగలు ఆనే బ్రిడ్జ్ కింద మడిచిన గుడ్డ పెట్టాలి. స్క్రూలను ఎదురెదురు మూలలుగా వదులు చేయాలి. నెక్ మడమ మీద యాభైల్లో పెన్సిల్‌తో తేదీ రాసేవారు, 1962 వసంతం నుంచి సిరా ముద్ర. అది నెక్ పూర్తయిన తేదీ, గిటార్ మొత్తం బిగించింది కొన్ని నెలల తర్వాత కావచ్చు. తిరిగి బిగించేటప్పుడు ప్రతి స్క్రూను ముందు అపసవ్యంగా మెల్లగా తిప్పాలి. పాత మరలో పడినప్పుడు చిన్నగా ‘టిక్’ మంటుంది, అప్పుడు సవ్యంగా తిప్పాలి. అలా చేయకపోతే చెక్కలో కొత్త మర పడి రంధ్రం పాడవుతుంది. గిబ్సన్ లెస్ పాల్ నెక్‌ను విప్పే ప్రయత్నం చేయకండి, అది జిగురుతో అతికించినది. వెనక నెక్ ప్లేటు మీది నంబరు ఒక్కదాన్నే నమ్మి ఏడాది చెప్పడం పెద్ద పొరపాటు. నాలుగు స్క్రూలు విప్పితే ఏ ప్లేటైనా ఏ గిటార్‌కైనా పడుతుంది.

తర్వాత వాల్యూమ్ కంట్రోల్, అంటే పాట్. దాని వెనక అంకెలుంటాయి. మొదటి మూడూ తయారీదారు: 137 అయితే సీటీఎస్, 304 అయితే స్టాక్‌పోల్. తర్వాతి రెండూ సంవత్సరం, చివరి రెండూ వారం. 304 6320 అంటే స్టాక్‌పోల్ 1963లో ఇరవయ్యో వారంలో చేసిన పాట్. గిటార్ అంతకంటే ముందుది కాదని మాత్రమే దీనివల్ల తెలుస్తుంది, ఆ ఏటిదేనని కాదు. ఫెండర్ 1966లో పాట్‌లను గుట్టలుగా కొని అరవైల చివరిదాకా వాడింది. కాబట్టి 1966 పాట్ ఉన్న గిటార్ 1969ది కావచ్చు. టంకం చూడండి. పాత టంకం మసకగా, ఏకరీతిగా ఉంటుంది. మెరిసే కొత్త బొట్టు, రంగు వేరుగా ఉన్న వైరు కనిపిస్తే ఎవరో చెయ్యిపెట్టారు.

మల్టీమీటర్ ఉంటే విప్పకుండానే కొంత తెలుసుకోవచ్చు. జాక్‌లో కేబుల్ పెట్టి, వాల్యూమ్ పూర్తిగా పెంచి, కేబుల్ రెండో చివర ప్లగ్గు కొనకూ దాని ఒరకూ మధ్య ఓమ్‌లు కొలవాలి. స్ట్రాటోకాస్టర్ పికప్ సుమారు 5.5 నుంచి 6.5 కిలో ఓమ్‌లు, పాత గిబ్సన్ హంబకర్ (రెండు చుట్టల పికప్) 7 నుంచి 9. 250 కిలో ఓమ్‌ల పాట్ పక్కన ఉంటుంది కాబట్టి 6 ఉన్న పికప్ మీటరులో 5.86గా కనిపిస్తుంది, కంగారుపడొద్దు. పికప్ విలువకు బదులు 250 దగ్గర చూపిస్తే మాత్రం లోపలి చుట్టలో తీగ తెగింది. అప్పుడు దాన్ని ఊళ్లో పంపు మోటార్లు చుట్టే దుకాణంలో ఇవ్వకండి. వాళ్ల పనితనం గొప్పదే, కానీ ఈ తీగ మందం సుమారు 0.063 మిల్లీమీటర్లు, ఎనిమిది వేల చుట్ల దాకా వేయాలి. మోటారు తీగకు అలవాటైన లాగుడులో ఇది పటుక్కున తెగుతుంది. నిజంగా పాత పికప్ అయితే తిరిగి చుట్టడంతోనే దాని వింటేజ్ విలువ పడిపోతుంది, ఆ విషయం అమ్మేవాళ్లు చెప్పి తీరాలి.

గిబ్సన్ నకిలీలు మార్కెట్లో విపరీతం. తలకాయ మీద గంట ఆకారపు ప్లాస్టిక్ మూత చూడండి. మామూలు అమెరికా గిబ్సన్‌కు ఆ మూతకు రెండు స్క్రూలే. మూడు ఉంటే అనుమానించాలి. మూత తీస్తే లోపల ట్రస్ రాడ్‌కు (నెక్ వంగకుండా లోపల పెట్టే లోహపు కడ్డీ) ఇత్తడి ఆరు పలకల నట్టు ఉండాలి, అలెన్ కీ పట్టే గుంత కాదు. 1977 నుంచి చాలాకాలం సీరియల్ ఎనిమిది అంకెలది. మొదటి, అయిదో అంకెలు సంవత్సరం, రెండు మూడు నాలుగు అంకెలు ఏడాదిలో ఎన్నో రోజు. 82765501 అంటే 1985లో 276వ రోజు, అక్టోబరు 3. సీరియల్ ప్రకారం వచ్చిన రోజు 366 దాటితే అక్కడే బేరం ఆపేయండి.

రంగు మళ్లీ వేసిన గిటార్‌కు విలువ సగానికి పడిపోతుందన్నది వ్యాపారులు వాడే మోటు లెక్క. ఫ్రెట్లు (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీలు) మార్చితే అంత నష్టం లేదు, అవి అరిగే భాగాలు. 

మన వాతావరణం గురించి రెండు మాటలు. వరంగల్ ఎండల్లో రేకుల కప్పు కింద, కారు డిక్కీలో పెట్టిన గిటార్‌కు జిగురు సడలుతుంది, నెక్ చెక్క ఎండి కుంచించుకుపోయి ఫ్రెట్ల కొనలు అంచు దాటి చేతికి గీసుకుంటాయి. ఎండాకాలంలో అలా ఉన్న గిటార్‌ను చూసి అప్పటికప్పుడు ఫ్రెట్ల కొనలు అరగదీయించకండి. వానలు పడి చెక్క కోలుకున్నాక ఎంత మిగిలిందో చూసి చేయించండి. పాత సెల్యులాయిడ్ పిక్‌గార్డులు (గిటార్ ముందు వైపు గీతలు పడకుండా వేసే పలకలు) వేడికి మరీ త్వరగా ముడుచుకుంటాయి, వాటి ఆవిరికి పక్కనున్న లోహపు భాగాలు తుప్పుపడతాయి. ఇక గిటార్‌తో పాటు పాత ఆంప్లిఫయర్ వస్తే అసలు జాగ్రత్త అక్కడ కావాలి. అమెరికాది 117 వోల్టులది, జపాన్‌ది 100 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఆ దేశపు వోల్టేజికి సరిపోయే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, ఆంప్లిఫయర్ వాడే వాట్‌లకు రెట్టింపు సామర్థ్యంతో తీసుకోవాలి. వాల్వుల ఆంప్లిఫయర్ లోపలి కెపాసిటర్లలో స్విచ్ ఆపాక కూడా వందల వోల్టులు నిలిచి ఉంటాయి. పని తెలియనివాళ్లు వెనక పలక విప్పొద్దు, ప్రాణం పోతుంది.

బయటి దేశం నుంచి తెప్పించుకునేవాళ్లు రోజ్‌వుడ్ నిబంధన తెలుసుకోవాలి. 1959 నుంచి అరవైల నడిమిదాకా ఫెండర్ వేసిన ఫింగర్‌బోర్డులు (నెక్ మీద వేళ్లు నొక్కే పలకలు) బ్రెజిల్ రోజ్‌వుడ్. ఆ చెట్టు 1992 నుంచి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ) ఒప్పందం మొదటి అనుబంధంలో ఉంది, తగిన అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటితే జప్తు చేస్తారు. మిగతా రోజ్‌వుడ్ జాతులను 2017 జనవరిలో రెండో అనుబంధంలో చేర్చారు, తయారైన సంగీత వాయిద్యాలకు 2019 నవంబరులో సడలింపు ఇచ్చారు. బ్రెజిల్ చెక్క కరువయ్యాక ప్రపంచం వాడిన ఇండియన్ రోజ్‌వుడ్ మన ఆదిలాబాద్ అడవుల్లో టేకుతో పాటు పెరిగే జిట్రేగే. 

చివరగా కేటలాగుల సంగతి. పాత కేటలాగులకే ఇప్పుడు మంచి ధర ఉంది కాబట్టి వాటికీ నకిలీలు వచ్చాయి. వాచీలు బాగుచేసేవాళ్ల పదింతల భూతద్దంతో అక్షరాల అంచు చూడండి. అసలు అచ్చులో అక్షరం నిండుగా, అంచు నున్నగా ఉంటుంది. స్కాన్ చేసి మళ్లీ అచ్చేసినదాంట్లో అక్షరం కూడా చుక్కలుగా విడిపోతుంది, ఫొటోల్లో అలల్లాంటి గీతలు కనిపిస్తాయి. పిన్నుల తుప్పు కాగితంలోకి ఇంకి ఉండాలి. కొత్త కాగితానికి తుప్పు పిన్ను గుచ్చితే చుట్టూ మరక ఉండదు.

మన దేశపు పట్టికల పరిస్థితి బాధ కలిగిస్తుంది. కోల్‌కతా, ముంబైలలో తయారై ఇక్కడికి వచ్చిన గిటార్ల ధరల కాగితాలు, దుకాణాల బిల్లులు, ఆర్కెస్ట్రాల సామాను జాబితాలు చెత్తలోకి పోతున్నాయి. తెలంగాణలో ఎవరు ఎప్పుడు ఎంతకు వాయిద్యం కొన్నారో చెప్పే సాక్ష్యం అదొక్కటే. ఉన్నవాళ్లు లామినేషన్ చేయించకండి, సెల్లోటేపు వేయకండి. టేపు జిగురు కొన్నేళ్లలో పసుపు మరకై కాగితాన్ని తినేస్తుంది. వాసన వచ్చే పీవీసీ కవర్లు వద్దు, పాలియెస్టర్ కవర్లు వాడండి. చెదలకు అందకుండా ఇనుప బీరువాలో, గోడకు నాలుగు వేళ్ల దూరంలో పెట్టండి. అంగుళానికి 600 చుక్కల చొప్పున రెండు వైపులా, ఖాళీ పేజీలతో సహా స్కాన్ చేయండి, వెనక చేత్తో రాసిన తేదీయే ఒక్కోసారి అసలు ఆధారం. 1904 నుంచి ఉన్న హనుమకొండ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం లాంటి గ్రంథాలయాలు పుస్తకాల పక్కన ఇలాంటి వ్యాపార కాగితాలకూ ఒక అర కేటాయిస్తే ఎంతో మేలు.

మీ పత్రికను కోరేది ఒకటే. వింటేజ్ గిటార్ అమ్మకం ప్రకటన వచ్చినప్పుడు నాలుగు వివరాలు రాయించండి: తయారైన దేశంతో సహా సీరియల్ నంబరు, నెక్ మడమ తేదీ లేదా పాట్ అంకెలు, మార్చిన భాగాల పేర్లు, రంగు మళ్లీ వేశారా లేదా. చిన్న ప్రకటనలో రెండు వరుసలకు మించదు. ఇవి ఇవ్వలేనివాళ్ల ప్రకటన ఆపనక్కర్లేదు, ‘వింటేజ్’ అన్న మాట తీసేసి ‘పాత గిటార్’ అని వేయండి.

ఇట్లు,
గిటార్ల మరమ్మతు పనివాళ్లం,
హనుమకొండ